భోజనం: పది నుంచి రెండు వరకు

ఒక మనిషి తనకు అన్నిటికంటే ఇష్టమైన చోటును తన చేతులతో తానే పాడు చేసుకోవాలంటే ఏం జరగాలి? వరద రావాలి, తుపాను రావాలి, లేదా దాయాదులు కోర్టుకెక్కాలి అని మీరనుకోవచ్చు. అవేమీ అక్కర్లేదండి. నాకు నాలుగు లైన్లు సరిపోయాయి. న్యూస్‌ప్రింట్ ముక్క మీద, బాల్‌పెన్నుతో, టీ చల్లారేలోపు రాసిన నాలుగే నాలుగు లైన్లు. వాటి ధాటికి ఒక లంకలో బచ్చలి పాదు బోడిదైపోయింది, ఒక దూడ అలిగింది, నేను తోడబుట్టిన అక్క ముందు కొబ్బరిచిప్ప పట్టుకుని దోషిలా కూర్చున్నాను. నింపాదిగా చెబుతాను, వినండి.

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్ని. వయసు ఇరవై నాలుగు. ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. తెలుగు పత్రికారంగాన్ని నేనే నిలబెడుతున్నానన్న నమ్మకం మాత్రం చేరిన రెండో నెలలోనే కుదిరింది. వారానికి ఒకరోజు సెలవు. ఆ రోజు తెల్లారగానే బస్సెక్కి, రావులపాలెం దాటాక... ఆగండి, దారి చెప్పేయబోయాను. ఎక్కడో దిగి, రేవు దాకా నడిచి, పడవ దాటితే మా సుభద్రక్క అత్తవారి లంక. ఏ లంకో చెప్పను. ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది.

రేవు దిగగానే కనిపించే మొదటి పెంకుటిల్లు వాళ్లది. ముందు పొడవాటి అరుగు, అరుగు మీద మూడు మడత మంచాలు. మధ్య మంచం నాది. నాదని ఎవరూ రాసివ్వలేదు గానీ, దాని గుడ్డలో నా వీపు ఆకారం దిగిపోయింది. దాని మీద పడుకుంటే ఒక పక్క గోదావరి, ఇంకో పక్క వంటింట్లోంచి పోపు వాసన. మధ్యలో ఏ చింతా లేని నేను. పాపికొండలు చూశాను, మారేడుమిల్లి చూశాను, ఆ తర్వాత ఉద్యోగం పుణ్యమా అని ఇంకా దూరాలూ చూశాను. కానీ మళ్లీ వెళ్లాలనిపించే చోటు ఏదంటే, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న ఆ మంచమే.

ఆ ఇంటి పెద్ద అక్క మామగారు సూర్రావుగారు. నేను మావయ్యగారు అనేవాణ్ణి. కొబ్బరి, అరటి తోటలున్న రైతు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, అన్నం పెట్టడం. ఎరువుల కంపెనీ మనిషైనా, ఓటర్ల జాబితా రాసుకోవడానికొచ్చిన మాస్టారైనా ఆయన కంటపడితే అరుగెక్కి విస్తరి ముందు కూర్చోవాల్సిందే.

"భోంచేసే వచ్చానండి" అంటే, "అది ఆ ఒడ్డున తిన్నారు. ఇది ఈ ఒడ్డు కదండీ" అనేవారు.

ఇదిలా ఉండగా మా పత్రిక ఆదివారం పేజీలో 'మళ్లీ వెళ్లాలనిపించే చోటు' అని ఒక శీర్షిక మొదలుపెట్టారు. ఒక వారం అంతర్వేది, ఒక వారం ఉప్పాడ తీరం. మూడో వారం పెద్దాపురం నుంచి రావాల్సిన వ్యాసం రాలేదు. రాస్తానన్నాయన జ్వరంతో పడుకున్నాడు. ఆ పేజీ చూసే ఇన్‌చార్జిని మేమంతా గురువుగారు అనేవాళ్లం. ఆయన కళ్లద్దాల పైనుంచి హాలంతా చూశారు. ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"నీకేదైనా చోటుందా, మళ్లీ వెళ్లాలనిపించేది?"

"ఉందండి!" అన్నాను. అలాంటి ప్రశ్న కోసమే పుట్టినవాడిలా.

గంటలో రాసి ఇచ్చాను. గోదావరి గలగలలు, కొబ్బరాకుల గుసగుసలు, ఇసుక తిన్నెల మీద వెన్నెల, అన్నీ దట్టించాను. గురువుగారు చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశారు.

"బాక్సేదయ్యా?"

బాక్సంటే తెలియనివారికి చెబుతాను. ఏదైనా ఊరి గురించి రాసినప్పుడు పక్కన గీతల మధ్య చిన్న డబ్బాలా వేస్తారు. ఎలా వెళ్లాలి, భోజనం ఎక్కడ, బస ఎక్కడ అని. వ్యాసమంతా వదిలేసి జనం చదివేది దాన్నే. ఆ సంగతి నాకప్పటికి తెలియదు.

"బాక్సెందుకండీ? ఇది మనసుకు సంబంధించిన వ్యాసం."

"మనసు బస్సెక్కదు, మనిషి ఎక్కుతాడు. వెళ్లే దారి, తినే చోటు, పడుకునే చోటు లేకపోతే అది ప్రేమలేఖ అవుతుంది గానీ ఆదివారం పేజీ అవదు."

"అక్కడ హోటళ్లు లేవండి."

"మరి వారం వారం నువ్వు గాలి భోంచేసి వస్తున్నావా?"

"ఇంట్లో పెడతారండి."

"శుభ్రంగా ఉంటుందా?"

"అమృతంలా ఉంటుందండి."

"అదే రాయి. పేజీ ఇరవై నిమిషాల్లో వెళ్లిపోవాలి."

ఇక్కడ నేను 'అది మా అక్కగారి ఇల్లండి' అని ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. చెబితే, చుట్టాలిల్లు పేపర్లో ఎందుకని వ్యాసం తీసేస్తారేమోనని భయం. వ్యాసంతో పాటు నా పేరూ, పేరు పక్కన తపాలా బిళ్లంత నా ఫోటో పడుతున్నాయి. జీవితంలో మొదటిసారి. ఆ బిళ్ల కోసం నేను అక్కనీ, బావనీ, లంకనీ, గోదావరినీ కూడా ఇచ్చేయడానికి సిద్ధంగా ఉన్నాను. రాసేశాను:

ఎలా వెళ్లాలి: రేవు నుంచి ప్రతి అరగంటకూ పడవ.
భోజనం: రేవు దిగగానే కనిపించే మొదటి పెంకుటింట్లో. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు. కంద బచ్చలి ప్రత్యేకం.
బస: అదే ఇంటి అరుగు. మడత మంచాలు మూడు. దుప్పటి తెచ్చుకోవాలి.
గమనిక: పెరుగు పుల్లగా అనిపిస్తే ఇంటివారికి చెబితే మారుస్తారు.

వేళలు ఎందుకు వేశానంటే, వేళలు లేని బాక్సు బొట్టు లేని మొహంలా బోసిగా ఉంటుందని. రెండే ఎందుకంటే, రెండింటికి అక్క గిన్నెలు తోమడానికి కూర్చుంటుంది. దుప్పటి సంగతి స్వానుభవం. పెరుగు సంగతి కూడా. గురువుగారు చదివి, "ఇప్పుడు రాశావయ్యా!" అన్నారు. ఆ భుజం తట్టుడు నాకింకా గుర్తుంది. ఆ భుజమే తర్వాత అన్నం గిన్నెలు మోసింది.

వ్యాసం పడిన ఆదివారం ఆఫీసులో డ్యూటీ. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. గురువారం నాడు అరటి గెలలతో రాజమండ్రి వచ్చిన లంక మనిషి ఒకతను ఆఫీసు మెట్ల దగ్గర కనిపించాడు.

"మీ అక్కగారు ఈ ఆదివారం మిమ్మల్ని తప్పకుండా రమ్మన్నారండి. పెందలాడే రమ్మన్నారండి."

"ఏమైనా విశేషమా?"

"ఏమోనండి. మొత్తం మీద జనం బాగా వస్తన్నారండి."

నాకర్థమైపోయింది. లంక జనమంతా కలిసి సన్మానం చేస్తున్నారు! ఆ ఆదివారానికి సెలవు మార్పించుకున్నాను. శాలువా కప్పితే నప్పేలా లేత రంగు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. బస్సులో కూర్చుని 'నేనింతటివాణ్ణి కాను' అనే అర్థం వచ్చే ఉపన్యాసం కూడా తయారు చేసుకున్నాను.

రేవులో దిగితే ఆశ్చర్యం. ఎప్పుడూ నలుగురు కూడా ఉండని రేవులో నలభై మంది ఉన్నారు. కార్తీకమాసం కదా, వనభోజనాలకేమో అనుకున్నాను. కానీ వనభోజనాలకు వెళ్లేవాళ్లు గిన్నెలు, గరిటెలు తెచ్చుకుంటారు. వీళ్ల దగ్గర గిన్నె గానీ, గరిటె గానీ లేదు. ప్రతి ఒక్కరి చంకలో ఒక దుప్పటి ఉంది.

నా బాక్సులో మూడో లైను గుర్తొచ్చింది.

పడవ నడిపే పోలయ్య నన్ను చూసి గెడ ఆపాడు.

"ఆయ్, తమరేనాండి రాసింది? ఇన్నాళ్లూ నా పడవలో నాలుగు అరటి గెలలూ, ఓ దూడా ఎక్కేవండి. ఇయ్యాల గెలలకి చోటు లేదండి. దూడని దింపేశానండి. అలిగి గడ్డి ముట్టటం లేదండి."

నేను పడవ వైపు అడుగేశాను. తణుకు నుంచి కుటుంబంతో వచ్చిన పెద్దమనిషి ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్లజోడు, చేతిసంచి, చంకలో గళ్ల దుప్పటి.

"వరసలో రావాలి బాబూ. పొద్దున్నుంచీ నిలబడ్డాం. రెండు దాటితే భోజనం పెట్టరట."

"ఎవరన్నారండీ?"

"పేపర్లో వేశారయ్యా! చదవవా పేపరు?"

మూడో పడవలో నాకు చోటు దొరికింది. అవతలి ఒడ్డున దిగగానే నా కళ్లు అలవాటుగా మధ్య మంచం వైపు వెళ్లాయి. దాని మీద ఎవరో భారీ మనిషి, సొంత దుప్పటి కప్పుకుని, గుర్రు పెడుతున్నాడు. కన్నవాళ్లు పోయినా కవిత్వం రాయగలవాళ్లుంటారేమో గానీ, ఆ దృశ్యం చూశాక నాకు ఉపన్యాసం మొత్తం మరుపున పడింది.

"రావయ్యా, రా!" మావయ్యగారు ఎదురొచ్చి నన్ను కౌగలించుకున్నంత పని చేశారు. మొహం వెలిగిపోతోంది. "ఏం స్నేహాలయ్యా నీవి! తణుకు, నిడదవోలు, కాకినాడ... ఎక్కడెక్కడి వాళ్లో నీ పేరు చెప్పుకుని వస్తున్నారు. డెబ్బై ఏళ్లలో నేను ఇంతమందిని సంపాదించలేదు. పైగా ఎంత చనువనుకున్నావు! ఇందాకొకాయన పెరుగు పుల్లగా ఉందని మొహం మీదే చెప్పాడు. మార్చమన్నాడు కూడా. పరాయివాడైతే అంటాడా ఆ మాట?"

నేను నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీదకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వంటింట్లోకి పరిగెత్తాను.

అక్క కంద చెక్కుతోంది. కంద చెక్కితే చేతులు దురద పెడతాయని మీకు తెలుసు కదా. దురద చేతులతో ఉన్న అక్కకి ఎదురుపడకూడదని కూడా తెలుసుకోండి.

"వచ్చారా ఎడిటర్ గారూ? దయచేయండి."

"అక్కా, అసలేం జరిగిందంటే..."

"నోరు మూసుకుని ఆ కొబ్బరిచిప్పలు కోరు ముందు."

కూర్చున్నాను. కోరడం మొదలుపెట్టాను.

"పోయిన ఆదివారం మూడు కుటుంబాలు. బుధవారం బ్యాంకు వాళ్లు ఏడుగురు. నిన్న కాలేజీ పిల్లలు. ఇవాళ సంగతి నువ్వే చూశావుగా. బచ్చలి పాదు ఆకు లేకుండా పోయింది. పక్కింటి పాదు కూడా అయిపోయింది. ఒరేయ్, నీకు నేనేం అన్యాయం చేశాన్రా?"

"మావయ్యగారికి తెలియదా?"

"ఎలా చెప్పన్రా? మా తమ్ముడు మీ ఇంటిని హోటలని పేపర్లో వేయించాడని చెప్పనా? నా పుట్టింటి పరువు ఈ కూరలో వేసి ఉడికించనా? నీ స్నేహితులని చెప్పాను. వాళ్లు డబ్బు తీయబోతే ఆయన కంటపడకుండా నేనే వద్దని పంపించేశాను. ఆయన పేపర్లో కొబ్బరి ధర, వాతావరణం తప్ప చూడరు. నీ వ్యాసం బియ్యం డబ్బా అడుగున పరిచేశాను." అక్క కత్తిపీట మీంచి తల ఎత్తింది. "ఇది గనక ఆయనకు తెలిసిందో, నేనీ ఇంట్లో తలెత్తుకోలేను. నువ్వీ గుమ్మం మళ్లీ తొక్కలేవు. గుర్తుంచుకో."

ఇక ఆ మధ్యాహ్నం నా పని, వడ్డించడం. నిజానికి నాకున్న ఒకే ఒక్క అదృష్టం ఆ ఫోటో. తపాలా బిళ్ల సైజులో నేను ఎవరిలాగైనా ఉన్నాను, నాలాగ తప్ప.

"బాబూ, ఇటు అప్పడం రాలేదు!"

"కంద బచ్చలి ప్రత్యేకమన్నారు. ఏంటయ్యా ప్రత్యేకం? మా ఇంట్లోనూ ఇలాగే ఉంటుంది."

"మంచాలు మూడే ఉన్నాయేంటండీ?"

"మూడేనని వేశారుగా, చదవలేదా? నేను అందుకే పొద్దున్నే వచ్చి పడుకున్నాను" అన్నాడు నా మంచం ఆక్రమించిన మనిషి, చెయ్యి కడుక్కుంటూ.

"ఏమయ్యా, వడ్డించే అబ్బాయ్! ఈ వ్యాసం రాసినవాడెవడో నీకు తెలుసా? వెన్నెల్లో ఇసుక తిన్నెలని రాశాడు. దోమల మాట రాయలేదు."

"మనిషి దొరికితే చెబుతానండి" అన్నాను.

ఒంటిగంటన్నర అయ్యింది. ఇంకో బంతి లేస్తే గండం గట్టెక్కినట్టే. నేను చివరి వరస విస్తళ్లు లెక్కపెట్టుకుంటుండగా తణుకు పెద్దమనిషి పెరుగన్నం కలుపుకుంటూ, పక్కనే నిలబడి విసనకర్రతో విసురుతున్న మావయ్యగారి వైపు తిరిగాడు.

"భోజనం దివ్యంగా ఉందండి. మరి బిల్లు ఎవరికివ్వాలి?"

విసనకర్ర ఆగిపోయింది.

"బిల్లేంటండీ?"

"అదేనండి, భోజనానికి. మా నలుగురికీ కలిపి ఒకటే రాసేయండి."

"మీరు మావాడి స్నేహితులు కదండీ?"

"ఎవరివాడండీ? మేం పేపర్లో చూసి వచ్చాం." ఆయన చేతిసంచిలోంచి మడతపెట్టిన కటింగు తీశాడు. వంటింటి తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. కళ్లతోనే నన్ను గోదావరిలో ముంచి తీస్తోంది.

మావయ్యగారు కటింగు అందుకుని, దూరం పెట్టి చూసి, కళ్లజోడు లేక నా చేతికిచ్చారు. "నువ్వే చదువయ్యా. నీ వృత్తి కదా."

పద్నాలుగు నెలల సబ్ ఎడిటింగు అనుభవమంతా ఆ క్షణానికి అక్కరకొచ్చింది. చేతిలో ఉన్నదాన్ని అక్కడికక్కడే తిరగరాసి చదివాను.

"భోజనం... మా బంధువులు సూర్రావుగారి ఇంట. వారి ఆదరణ మరువలేనిది. మిత్రులందరికీ..."

"అలా లేదే!" అన్నాడు తణుకు పెద్దమనిషి. ఎంగిలి చెయ్యి ఎత్తిపెట్టి, ఎడమచేత్తో కటింగు లాక్కుని, బడిపిల్లలకు పాఠం చెప్పినట్టు గొంతెత్తి, నాలుగు లైన్లూ చదివాడు. గమనికతో సహా. పెరుగుతో సహా.

ఒక్కొక్కరికీ సంగతి అర్థమవుతోంది. తణుకు పెద్దమనిషి మొహం విస్తట్లో కంద కంటే ఎర్రగా అయ్యింది.

"అయ్యో! ఇది... సొంత ఇల్లాండీ? మేం హోటలనుకుని... అప్పడాలు కూడా రెండోసారి అడిగామండి!" అంటూ లేవబోయాడు.

"కూర్చోండి! పెరుగన్నం మధ్యలో లేస్తారేంటి?" మావయ్యగారు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆయన మీసాలు వణకడం నేను అదే మొదటిసారి చూడడం.

"ఆ రెండో లైను ఇంకోసారి చదవండి" అన్నారు తణుకు పెద్దమనిషితో, నా మీంచి చూపు తిప్పకుండా.

"ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు" అని తణుకు పెద్దమనిషి చిన్నగా చదివాడు.

"రెండు వరకా?" మావయ్యగారి గొంతు రేవు దాకా వినిపించి ఉంటుంది. "ఏవయ్యా, రెండు దాటాక ఈ ఇంటికొచ్చినవాడికి అన్నం లేదని ఎవరు చెప్పారు నీకు? మా నాన్న తుపానులో కొట్టుకొచ్చినవాళ్లకి అర్ధరాత్రి పొయ్యి వెలిగించి పెట్టాడు. నువ్వు గంట కొట్టి తలుపేస్తామని పేపర్లో వేస్తావా? హోటలన్నావు, సరే, కుర్రతనం. పెరుగు పులుపన్నావు, నిజమే. కానీ రెండు వరకా?"

"పొరపాటండి మావయ్యగారూ, దిద్దేస్తానండి..."

"దిద్దాలి! ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెడతారని అదే పేపర్లో, అదే అక్షరాల్లో పడాలి. అది పడేదాకా నా గుమ్మం ఎక్కకు."

వెనకనుంచి అక్క నా చెవి దగ్గరకొచ్చింది. చాలా మెల్లగా, చాలా తియ్యగా అంది.

"అది పడిందనుకో, జన్మలో ఎక్కకు."

ఇదండీ నా పరిస్థితి. సవరణ వేస్తే అక్క రానివ్వదు, వేయకపోతే మావయ్యగారు రానివ్వరు. ప్రపంచంలో నాకు మళ్లీ వెళ్లాలనిపించేది ఒకే ఒక్క మంచం, దానికి రెండు వైపులా తాళం పడింది.

రాజమండ్రి వచ్చి మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు నా తెలివి వికసించింది. మా డీటీపీ ఆపరేటరుకు మసాలా టీ, రెండు పుణుగుల పొట్లాలు సమర్పించి, ఆదివారం పేజీలో సరిగ్గా మధ్యన, పెద్ద అక్షరాల్లో ఒక సవరణ పెట్టించి, ఒకే ఒక్క ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తప్పులు చూసుకునే కాగితం, తీయించాను. తర్వాత దాన్ని తీసేసి, పేజీ మామూలుగా అచ్చుకి పంపించాం. అంటే ఆ సవరణ ఉన్న పేపరు లోకం మొత్తం మీద ఒక్కటే. అది నా సంచిలో ఉంది. అక్కకు ముందే కబురు చేశాను. "బతికించావురా" అని తిరుగు కబురు వచ్చింది.

మావయ్యగారు ఈసారి కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఒకసారి కాదు, మూడుసార్లు. "ఇటీవల ప్రచురించిన వివరాల్లో భోజన వేళలు పొరపాటున పడ్డాయి. రేవు దగ్గరి ఆ ఇంట ఏ వేళకు ఎవరు వచ్చినా ఆదరంగా భోజనం పెడతారు. పొరపాటుకు చింతిస్తున్నాం." ఆయన కళ్లు చెమర్చాయి. కాగితం తిప్పి చూశారు.

"వెనకాల ఖాళీగా ఉందేంటయ్యా?"

"ముఖ్యమైన సంగతి కదండీ. వెనకాల ఇంకేమీ వెయ్యరు."

"అంతేలే. మర్యాద తెలిసిన పేపరు" అని నన్ను అరుగెక్కించారు. మధ్య మంచం ఖాళీగా ఉంది. వాలాను. వంటింట్లోంచి పోపు వాసన వచ్చింది. ఇంత తెలివైనవాణ్ణి ఆ లంక అంతకుముందు చూసి ఉండదని నిర్ధారణ చేసుకుని నిద్రపోయాను.

మళ్లీ వారం వెళ్లేసరికి రేవులో జనం ముందుకంటే ఎక్కువగా ఉన్నారు. పడవ కోసం నిలబడే పాకలో అందరూ పైకి చూస్తూ ఏదో చదువుతున్నారు. నేనూ చూశాను.

నా ప్రూఫు. అద్దం వేసి, చెక్క ఫ్రేము కట్టించి, వానకు తడవకుండా దూలానికి వేలాడదీశారు.

"పెద్దాయనే దగ్గరుండి కట్టించారండి" అన్నాడు పోలయ్య, గెడ వేస్తూ. "ఏ రేవులోనూ ఇలాటి బోర్డు లేదంటన్నారండి. ఆయ్, దూడని అమ్మేశారండి."

నిజంగా అచ్చువేసి ఉంటే ఆ సవరణను సోమవారానికల్లా మరమరాల పొట్లం చుట్టేసేవారు. వెయ్యకుండా వెయ్యడం వల్ల అది శాశ్వతమైపోయింది. అక్క నన్ను గుమ్మంలోనే ఆపి కొబ్బరిచిప్ప చేతిలో పెట్టింది. ఆ కార్తీకం పోయేదాకా ప్రతి సెలవుకీ వెళ్లి కోరాను, వడ్డించాను, విస్తళ్లెత్తాను. మళ్లీ మళ్లీ వెళ్లాలని రాసింది నేనే కదా, వెళ్లాను.

కాబట్టి పాఠకులారా, మొలలోతు గోదావరిలో నిలబడి, దోసిట నీళ్లు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నాకు ఎంత ఇష్టమైన చోటైనా సరే, ఎంత పెద్ద సంపాదకుడు అడిగినా సరే, నా ఫోటో గోడ గడియారం సైజులో వేస్తామన్నా సరే, ఈ జన్మలో ఇంకో బాక్సు రాయను. దారి చెప్పను, ఇల్లు చెప్పను, వేళలు అసలే చెప్పను.

అయినా ఎప్పుడైనా పొరపాటున మీరు ఆ రేవుకే చేరి, పాకలో ఆ ఫ్రేము చూశారే అనుకోండి. అందులో ఏం రాసి ఉన్నా నమ్మకండి. రెండింటి లోపే వెళ్లండి. తర్వాత మా అక్క గిన్నెలు తోమేస్తుంది.